కర్మెలు కొండ మీద నోరు మెదపని జనం తరఫున

బైబిలు ప్రవక్త ఏలీయా కథ చెప్పేవాళ్లందరూ ఆకాశం నుంచి పడ్డ నిప్పు దగ్గరికి పరిగెత్తుతారు. దానికి కొన్ని గంటల ముందు జరిగిన సంగతిని మాత్రం ఒక్క వాక్యంలో దాటేస్తారు. రాజు అహాబు కబురు పెడితే ఇశ్రాయేలు జనమంతా కర్మెలు కొండ మీద పోగయ్యారు. ఏలీయా ముందుకొచ్చి, ఎన్నాళ్లిలా అటూ ఇటూ ఊగుతారు, యెహోవా దేవుడైతే ఆయన వెంట నడవండి, బయలు దేవుడైతే అతని వెంట నడవండి, ఏదో ఒకటి తేల్చండి అన్నాడు. జనం ఒక్క మాట కూడా బదులు చెప్పలేదు. మొదటి రాజుల గ్రంథం 18వ అధ్యాయం 21వ వచనం, అనుమానం ఉంటే తీసి చూసుకోండి.

ఆ మౌనాన్ని పిరికితనమనీ గోడ మీద పిల్లి వాటమనీ 2,800 ఏళ్లుగా తిడుతూనే ఉన్నారు. వాళ్ల పక్షాన వకాల్తా పుచ్చుకున్నవాడు ఒక్కడూ లేడు. వాళ్లెలాగూ మాట్లాడరు కాబట్టి ఆ బాధ్యత నేను తీసుకుంటున్నాను.

ముందు వాళ్ల కష్టం తెలుసుకోండి. ఇశ్రాయేలుకు ఐగుప్తులో ఉన్నట్టు నైలు నది లేదు. వాన పడితే గోధుమలు, పడకపోతే పస్తులు. వాన ఎవరి శాఖ? సిరియా తీరంలో రాస్ షమ్రా అనే చోట 1929లో తవ్వితే ఉగారిత్ నగరపు మట్టి పలకలు బయటపడ్డాయి, వాటిలో బయలు గారి బయోడేటా అంతా ఉంది. మేఘాల మీద స్వారీ చేసేవాడు, ఉరుమే ఆయన గొంతు, మృత్యుదేవుడు ఆయన్ని మింగేస్తే పొలాలు బీటలువారతాయి, ఆయన తిరిగొస్తే భూమికి ప్రాణం వస్తుంది. ఇంత స్పష్టంగా శాఖలు పంచి ఉండగా రైతన్నవాడు ఏం చేస్తాడు? యెహోవా మా తాతముత్తాతల్ని ఐగుప్తు దాస్యం నుంచి విడిపించాడు, ఆ ఉపకారం మర్చిపోలేదు, పండగ పండగకీ చెప్పుకుంటూనే ఉన్నాం, కానీ అది పాత సంగతి, విత్తనాలు ఈ నెల వేయాలి కదా. పెద్దాయన పెద్దాయనే, పని చేయించుకోవాల్సిన టేబుల్ వేరు. దీన్ని విగ్రహారాధన అంటారేమిటండీ, లోకజ్ఞానం అంటారు గానీ.

ఈ లోకజ్ఞానంలో అహాబు గారిని మించినవాడు లేడు. సీదోనీయుల రాజు ఎత్బయలు కూతురు యెజెబెలును పెళ్లి చేసుకుని, మామగారి దేవుడు బయలుకు తన రాజధాని షోమ్రోనులో గుడి కట్టించాడు. సరే, మరి పిల్లలకు ఏం పేర్లు పెట్టాడు? అహజ్యా, యెహోరాము. రెండు పేర్లలోనూ యెహోవా పేరే. గుడి ఆయనకి, పిల్లల పేర్లు ఈయనకి. రేపు ఎవరు గెలిచినా మనవాడే అని చెప్పుకోవడానికి ఏర్పాటు చేసుకుని కూర్చున్న మనిషిని బైబిలు అంత చెడ్డ రాజుగా రాయడం నాకైతే మింగుడుపడదు.

ఆయన పాలనాదక్షత చూడాలంటే, వాన పడదని ఏలీయా ముందే చెప్పిన కరువు మూడో ఏడు చూడాలి. రాజధానిలో ఆకలి భయంకరంగా ఉంది. అలాంటి సమయంలో రాజు స్వయంగా బయల్దేరాడు. ధాన్యం కోసం కాదు, గడ్డి కోసం. గృహ నిర్వాహకుడు ఓబద్యాను పిలిచి, నువ్వో దారిన పో, నేనో దారిన పోతాను, నీటి ఊటలూ వాగులూ వెతుకుదాం, ఎక్కడైనా గడ్డి దొరికితే గుర్రాలూ కంచరగాడిదలూ చావకుండా ఉంటాయి అన్నాడు. మనుషుల సంగతి ఆ మాటల్లో లేదు. నవ్వకండి. క్రీ.పూ. 853లో కర్కర యుద్ధానికి అహాబు 2,000 రథాలతో వచ్చాడని అస్సీరియా రాజు మూడో షల్మనేసెరు శాసనం చెక్కించాడు. శత్రువు కాస్త పెంచి రాసుకున్నాడనుకున్నా, అన్ని రథాలున్న రాజుకు గుర్రపు మేత దేశ భద్రతకు సంబంధించిన అంశం. మనిషి పస్తున్నా ప్రార్థన చేసుకోగలడు, గుర్రం చేయలేదు.

అదే కరువులో 450 మంది బయలు ప్రవక్తలు, 400 మంది అషేరా దేవి ప్రవక్తలు యెజెబెలు బల్ల దగ్గర భోంచేస్తూనే ఉన్నారు. మొత్తం 850 విస్తళ్లు. వాన కురిపించే దేవుడి మనుషులు వాన లేకపోయినా ఏ లోటూ లేకుండా తినగలగడం, అదీ వ్యవస్థ అంటే.

ఓబద్యా సంగతి కాస్త ఇబ్బందికరం. పగలు అహాబు కొలువులో నౌకరీ. యెజెబెలు యెహోవా ప్రవక్తల్ని చంపిస్తుంటే వందమందిని గుహకు యాభై మంది చొప్పున దాచి, రొట్టె, నీళ్లు పంపినవాడు కూడా ఆయనే. రెండు వైపులా ఉన్నాడు కదా, మన గోడ మీద పిల్లుల సంఘంలో సభ్యత్వం ఇద్దామనుకున్నాను. కానీ మన నియమం ప్రకారం రెండు వైపులా ఉండేది రెండు వైపులా లాభం కోసం. ఈయన చూస్తే ప్రాణం మీదికి తెచ్చుకున్నాడు. దరఖాస్తు తిరస్కరించాం.

సరే, ఏలీయా ఎదురుపడగానే అహాబు మొదటి మాట ఏమిటి? ఇశ్రాయేలును కష్టపెడుతున్నవాడివి నువ్వే కదా. వాన లేకపోవడం సమస్య కాదు, వాన ఎందుకు లేదో చెప్పినవాడు సమస్య. రాజనీతిలో ఇంతకంటే పెద్ద పాఠం నాకు కనిపించలేదు, ఈ ఒక్క పాఠాన్ని మాత్రం తర్వాతి రాజులెవరూ మర్చిపోలేదు.

పోటీ సంగతి అందరికీ తెలిసిందే. రెండు ఎద్దులు, రెండు బలిపీఠాలు, నిప్పు మాత్రం మనుషులు పెట్టకూడదు, ఎవరి దేవుడు పంపితే ఆయనే దేవుడు. బయలు ప్రవక్తలు పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా పిలిచారు, గెంతారు, గొంతు చించుకున్నారు. ఏలీయా ఊరుకున్నాడా? గట్టిగా అరవండి, దేవుడు కదా, ఏ ఆలోచనలోనో పడి ఉంటాడు, బయటికెళ్లి ఉంటాడు, ప్రయాణంలో ఉన్నాడేమో, నిద్రపోతుంటే లేపాలి కదా అని ఆటపట్టించాడు. ‘బయటికెళ్లడం’ అంటే ఏ పని మీదో పండితులు మర్యాదగా చెప్పరు గానీ మన పల్లెటూళ్లలో చెంబు పట్టుకుని వెళ్లడం అంటే ఎవరికైనా అర్థమవుతుంది. వాళ్లు ఇంకా గట్టిగా అరిచి, కత్తులతో, ఈటెలతో ఒళ్లు కోసుకున్నారు, రక్తం కారింది. ఇక్కడ నాకు నిజంగానే జాలేసింది. జవాబు రాకపోతే ఎవరిని అడుగుతున్నామో ఆ దేవుడిని అనుమానించం, అడిగే పద్ధతిని అనుమానిస్తాం. గొంతు చాల్లేదు, కోత చాల్లేదు, ఇంకొంచెం రక్తం పడితే వినబడుతుంది. నోరు లేని దేవుడి కంటే ఖరీదైన దేవుడు లేడు, ఎంత ఇస్తే చాలో ఎప్పటికీ చెప్పడు.

తర్వాత ఏలీయా చేసిన పని మీద నాకు తీవ్ర అభ్యంతరం ఉంది. పడిపోయిన బలిపీఠాన్ని 12 రాళ్లతో కట్టి, చుట్టూ కందకం తవ్వించి, నాలుగు కుండల నీళ్లు పోయమన్నాడు. మళ్లీ అన్నాడు, మూడోసారీ అన్నాడు. పన్నెండు కుండలు! మూడో ఏడు కరువులో! తడిసిన కట్టెల కోసం! కొండ పక్కనే సముద్రం ఉంది కాబట్టి ఉప్పునీళ్లే అయి ఉండొచ్చని కొందరు సర్దిచెబుతారు. ఏ నీళ్లయినా మోసింది జనమే. ఒక అభిప్రాయం చెప్పమంటే నోరు విప్పనివాళ్లు కుండలు మొయ్యమనగానే మారుమాట లేకుండా మోశారు, గమనించారా? పని ఎంతైనా చేస్తాం సార్, సంతకం మాత్రం అడగొద్దు.

నిప్పు పడింది. ఎద్దు, కట్టెలు, రాళ్లు, మన్ను, కందకంలో నీళ్లు అన్నీ పోయాయి. జనం బోర్లా పడి, యెహోవాయే దేవుడు, యెహోవాయే దేవుడు అని రెండుసార్లు అన్నారు. పొద్దున అడిగిన ప్రశ్నకు సాయంత్రం జవాబు వచ్చింది, ఫలితాలు వెలువడ్డాక. గెలిచినవాడికి ఓటు వేశామని చెప్పుకోవడానికి ఎప్పుడూ ఎవరూ మొహమాటపడలేదు.

ఆ వెంటనే కీషోను వాగు దగ్గర జరిగింది మాత్రం నేను ఈ గొంతుతో రాయలేను. ఆ బయలు ప్రవక్తల్ని పట్టుకుని అక్కడికి తీసుకెళ్లి చంపారు. చంపినవాడు ఏలీయా అని గ్రంథంలో ఉంది. పట్టుకున్నదెవరు? ఈ జనమే. పొద్దున రెండు దేవుళ్లలో ఎవరో తెలియనివాళ్లకు సాయంత్రానికి ఎవరిని పట్టుకోవాలో బాగా తెలిసింది. అభిప్రాయం లేని గుంపుకు చేతులు మాత్రం ఉంటాయి. నా వకాల్తా ఇక్కడ కొంచెం బలహీనపడిందని నాకూ తెలుసు.

యెజెబెలు కబురు పంపింది, రేపు ఈ వేళకు నీ ప్రాణం తీయకపోతే చూడు అని. ఆ రాత్రి కర్మెలు జనంలో ఒక్కడైనా ఏలీయా తలుపు దగ్గర కాపలా పడుకున్నట్టు ఎక్కడా లేదు. ఆయన బెయేర్షెబా దాటి అరణ్యంలోకి పారిపోయి, ఒక చెట్టు కింద కూలబడి, ఇక చాలు ప్రభువా నా ప్రాణం తీసుకో అన్నాడు. అప్పుడు దేవదూత వచ్చి ప్రసంగం చేయలేదు, విశ్వాసం తగ్గిందేమిటని నిలదీయలేదు. నిప్పుల మీద కాల్చిన రొట్టె, ఒక కూజా నీళ్లు పెట్టి లేచి తిను అన్నాడు. తిని పడుకున్నాడు. మళ్లీ లేపి మళ్లీ తినమన్నాడు. డిప్రెషన్‌లో ఉన్నవాడికి ఉపవాస ప్రార్థన సలహా ఇచ్చే పెద్దలకు ఈ రెండు వచనాలు ఎందుకో కనబడవు.

హోరేబు కొండ దగ్గర ఏలీయా అసలు ఫిర్యాదు బయటపెట్టాడు, నేనొక్కడినే మిగిలాను అని. అదీ రెండుసార్లు. ఏమండీ, వందమందిని గుహల్లో దాచానని ఓబద్యా నీ మొహం మీదే చెప్పాడు కదయ్యా! ఆ మాట విని ఎన్నాళ్లయిందని? బయలు బలిపీఠం కూల్చడం తేలికే, నేనొక్కడినే అనే పీఠం ఉంది చూశారూ, దానికి ఏ నిప్పూ పడదు. బయలుకు మోకాలు వంచనివాళ్లు 7,000 మంది ఉన్నారని చివరికి దేవుడే లెక్క చెప్పాల్సి వచ్చింది. ఈ ఏడు వేల మంది కొండెక్కి పోటీలు పెట్టలేదు, పక్కవాడి మోకాళ్లు ఎటు వంగాయో చూస్తూ కూర్చోలేదు, అందుకే ప్రవక్తకు కూడా కనబడలేదు. ఇలాంటివాళ్ల వల్ల మా సంఘానికి చాలా నష్టం.

ఇంకో భాగం ఉంది, దాన్ని ప్రసంగాల్లోంచి తొలగించాలని నా సూచన. కరువు కాలంలో ఏలీయా తలదాచుకున్నది ఎక్కడ? సారెపతులో. అది సీదోను దేశం. అంటే యెజెబెలు పుట్టింటివాళ్ల రాజ్యం, బయలు సొంత గడ్డ. అక్కడ ఒక విధవరాలు రెండు పుల్లలు ఏరుకుంటోంది, తొట్టిలో పట్టెడు పిండి, బుడ్డిలో కొంచెం నూనె, అది కాల్చుకుని కొడుకూ తానూ తిని చచ్చిపోదామని. ఆమె మాట్లాడుతూ ‘నీ దేవుడైన యెహోవా’ అంది, నా దేవుడు అనలేదు. ఏలీయా ఆ మాట పట్టుకుని తగువు పెట్టుకోలేదు. ఆమె చేతి రొట్టె తిన్నాడు, ఆమె ఇంట్లో ఉన్నాడు, పిండి తరగలేదు, కొడుకు చచ్చిపోతే ప్రార్థించి బతికించాడు. బయలు దేశంలో అన్నాళ్లుండి ఒక్క గుడి మీద రాయి వేసినట్టు గ్రంథంలో లేదు. కర్మెలు మీద ఆయన కోపమంతా ఎవరి మీద? సొంత ఇంటివాళ్ల మీద. యెహోవాతో నిబంధన చేసుకుని, పండగలు చేసుకుంటూ, పక్కన ఇంకో ఖాతా నడిపించినవాళ్ల మీద. ఈ సంగతి బయటికి పొక్కితే విగ్రహారాధన మీద ప్రసంగం చేసేవాడు మైకు పక్క వీధి వైపు తిప్పడం కుదరదు, సొంత సంఘం వైపు తిప్పాలి, ముందు వరుసలో చందాలిచ్చే పెద్దలు కూర్చుని ఉంటారు, అనవసరమైన టెన్షన్.

అన్నట్టు, కర్మెలు మీద ముహ్రాకా అనే చోట ఇప్పుడొక మఠం ఉంది, ఆవరణలో కత్తి ఎత్తిన ఏలీయా విగ్రహం ఉంది. హోలీ ల్యాండ్ టూర్ బస్సులు అక్కడ ఆగుతాయి. విగ్రహాల మీద పోరాడినవాడికి విగ్రహం పెట్టారేమిటని అడిగేవాళ్లు దయచేసి బస్సులోనే కూర్చోండి, ఫొటోలు తీసుకునేవాళ్లకు అడ్డం రాకండి.

కథ చివరికి మా సంఘమే గెలిచింది. అహాబు వంశాన్ని తర్వాత రాజైన యెహూ తుడిచిపెట్టాడు. బయలుకు పెద్ద బలి ఇస్తానని అబద్ధమాడి భక్తులందరినీ గుడిలోకి రప్పించి నరికించాడు, గుడిని పడగొట్టించి ఆ స్థలాన్ని మరుగుదొడ్డిగా మార్చాడు. ఏలీయా ఎగతాళికి ఇంత అక్షరార్థమైన ముగింపు ఆయన కూడా ఊహించి ఉండడు. బయలు పోయాడా? షోమ్రోను తవ్వకాల్లో 1910లో సిరాతో రాసిన కుండ పెంకులు దొరికాయి, యెహూ తర్వాత కొన్ని దశాబ్దాల నాటివి, నూనె, ద్రాక్షారసం లెక్కలు. వాటి మీదున్న మనుషుల పేర్లలో కొన్నింట్లో యెహోవా, కొన్నింట్లో బయలు, ఒకే చిట్టాలో పక్కపక్కనే హాయిగా ఉన్నాయి.

ఇక బంగారు దూడలు. జనం పక్క రాజ్యంలోని యెరూషలేము గుడికి పోతే వాళ్ల మనసు కూడా అటే పోతుందని భయపడి, అంత దూరం నడవడం మీకు కష్టం అని ప్రజాసంక్షేమం పేరు చెప్పి, అహాబు కంటే ముందు ఏలిన రాజు యరొబాము బేతేలులో ఒకటి, దానులో ఒకటి పెట్టించాడు, ఐగుప్తు నుంచి మిమ్మల్ని రప్పించిన దేవుడు ఇదే అన్నాడు. పేరు పాతదే, బొమ్మ మాత్రం రాజుగారిది. బయలు గుడిని దొడ్డి చేసిన మహా భక్తుడు యెహూ ఈ రెండు దూడల్నీ ముట్టుకోలేదు. బయలు అంటే పరాయి దేశం నుంచి కోడలితో వచ్చినవాడు, కూల్చొచ్చు, కాల్చొచ్చు, దొడ్డి కట్టొచ్చు. దూడల జోలికి మాత్రం ఎవరూ రావొద్దని మనవి. అవి మనవి.