గేర్‌బాక్స్ నెత్తిన కూర్చున్న బ్రీదర్‌కి బహిరంగ లేఖ

బ్రీదర్ బాబాయ్‌కి,

ఇక్కడ మేమంతా క్షేమం. నువ్వు క్షేమంగా లేవని తెలిసే రాస్తున్నా. సిమెంట్ ప్లాంటులో, అదీ క్లింకర్ (కొలిమిలో కాలిన సిమెంట్ గడ్డలు) మోసే కన్వేయర్ గేర్‌బాక్స్ నెత్తి మీద ఉద్యోగం వచ్చినోడు క్షేమంగా ఎట్లా ఉంటాడులే.

గేర్‌బాక్స్ లోపలి గాలిని బయటికి వదిలి, బయటి గాలిని లోపలికి పీల్చే బొక్కల మూతవి నువ్వు. ముందు నీ తప్పేంటో చెప్పేస్తా. నీకు నోరు లేదు. బేరింగ్ పోతే అరుస్తది, వీ బెల్టు జారితే కాలిన వాసనొస్తది, మోటారు ఓవర్‌లోడైతే ట్రిప్పయ్యి కంట్రోల్ రూమ్‌లో కునుకు తీసేవాళ్లని కూడా లేపుద్ది. నువ్వేమో బొటనవేలంత ఇత్తడి ముక్కవి, సిమెంట్ దుమ్ము, ఆయిల్ ఆవిరి కలిసి నీ బొక్కల్లో గట్టిగా గడ్డకట్టినా కిమ్మనవు. నోరున్నోడిదే రాజ్యం బాబాయ్, మెయింటెనెన్స్ షెడ్యూల్లో కూడా అంతే.

గాలి వదలడం, గాలి పీల్చడం, ఇదీ ఒక పనేనా అని పెద్దసార్ల అభిప్రాయం. 30 డిగ్రీల దగ్గర స్టార్టయిన గేర్‌బాక్స్ లోడు మీద 80కి చేరిందనుకో, లోపలున్న 100 లీటర్ల ఆయిల్ ఉబ్బి ఇంకో మూడు మూడున్నర లీటర్ల జాగా అడుగుద్ది, పైనున్న గాలి కూడా వ్యాకోచిస్తది, నీ దారి మూసుకుపోతే ఒక్క వేడికే ఆ గాలి ప్రెషర్ ఆరో వంతు దాకా పెరుగుద్ది, ఆయిల్ ఉబ్బి తొక్కేది దానికి అదనం. మరి అదంతా ఎటు పోవాలి? కాస్ట్ ఐరన్ కేసింగ్ పగలదు కదా, షాఫ్ట్ దగ్గరున్న ఆయిల్ సీల్ మీద పడుద్ది. ఆ రబ్బరు పెదవి ఉన్నది చిమ్మే ఆయిల్‌ని ఆపడానికి, ప్రెషర్ మోయడానికి కాదు.

ఇక అక్కడ మొదలవుద్ది మా వాళ్ల వీరత్వం. ఇన్‌పుట్ సీల్, అంటే మోటారు వైపు షాఫ్ట్‌కున్న సీల్, కారుతోందని రిపోర్టు వస్తది. మొదట దాని కింద సగానికి కోసిన పెయింట్ డబ్బా పెడతారు, చుట్టూ వేస్ట్ కాటన్ కుక్కుతారు. అది నిండి పొంగి నేలంతా జిడ్డయ్యాక షట్‌డౌన్ అడుగుతారు. మోటారు జరిపి, పుల్లర్ వేసి, రాకపోతే వేడి చేసి, మోటారుని గేర్‌బాక్స్‌కి కలిపే కప్లింగ్ లాగి, పాత సీల్ పీకి, కొత్తది కొట్టి, మళ్లీ అలైన్‌మెంట్ చేసుకుని చెమటలు తుడుచుకుంటూ బయటికొస్తారు. వారం తిరక్కుండానే మళ్లీ చెమ్మ, మళ్లీ డబ్బా. అప్పుడు విచారణ జరుగుద్ది. ఫిట్టర్ ఏమో సీల్ డూప్లికేట్ అంటాడు, స్టోర్స్ వాళ్లు పర్చేజ్‌ని చూపిస్తారు, పర్చేజ్ వాళ్లు మేం ఎల్-1 కే, అంటే అందరికంటే తక్కువ రేటు చెప్పినోడికే ఇచ్చాం, రూల్ ప్రకారమే ఇచ్చాం అంటారు. ఆ ముగ్గురి తలల మీద అడుగు ఎత్తులో నువ్వు ఊపిరాడక కూర్చుని ఉంటావు, ఒక్కడన్నా తలెత్తి చూస్తే ఒట్టు.

ఆమధ్య ఒక పాత హెల్పర్, రిటైర్మెంట్ దగ్గర పడ్డ మనిషి, బండి, అదే మెషిన్, ఆపించి మొహం పక్కకి పెట్టుకుని స్పానర్‌తో నిన్ను మెల్లగా రెండు చుట్లు వదులు చేశాడు. బుస్సుమని గాలి పోయింది చూడు, కోడెనాగు కూడా అంత బుసకొట్టదు. కాసేపటికి కింద కారడం ఆగింది. ఇంజినీర్ గారు అటూ ఇటూ చూసి "సరే, కొత్త సీల్ కావాలని స్టోర్స్‌కి ఎలాగూ ఇండెంట్ పెట్టాం కదా, మార్చేద్దాం" అన్నారు. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తీసుకెళ్లడమంటే ఇదే.

నీ మీద జరిగే అఘాయిత్యాలు అన్నీ రాస్తే పేజీలు చాలవు. ఆడిట్ వస్తోందంటే గేర్‌బాక్స్‌తో పాటు నీకూ నీలం రంగు పూసేస్తారు, బొక్కలతో సహా, రెండు పూతలు. కొత్త గేర్‌బాక్స్ వస్తే నీ జాగాలో ట్రాన్స్‌పోర్ట్ ప్లగ్ ఉంటది, నువ్వేమో పక్కన కవర్లో కట్టి వేలాడుతుంటావు, ప్లగ్ తీసి నిన్ను పెట్టే నాథుడుండడు. ఇంకో తెలివైనాయన బండి నడుస్తుండగా ఆయిల్ లెవెల్ చూశాడు, ఆయిల్ అంతా గేర్ల మీద, గోడల మీద ఉంటది కాబట్టి తక్కువ కనపడింది, రెండు డబ్బాలు పోశాడు, ఎక్కువైన ఆయిల్ నురుగయ్యి నీలోంచి కక్కింది. పరిష్కారం? నిన్ను పీకేసి బోల్టు బిగించారు. ఇక ఆయిల్ కక్కట్లేదు, ప్రాబ్లం క్లోజ్డ్.

ఆపినప్పుడు కథ ఇంకో రకం. చల్లబడేటప్పుడు గేర్‌బాక్స్ గాలి లాక్కుంటది. నువ్వు మూసుకుని ఉంటే అదే సీల్ పెదవి సందులోంచి దుమ్ము, తడి కలిపి లాగేస్తది. వానాకాలంలో ఆరుబయట కన్వేయర్ మీద వేడి గేర్‌బాక్స్‌పై జల్లు పడితే మరీను. కొన్నాళ్లకి ఆయిల్ పాలు పోసిన టీ రంగుకొస్తది, కవర్ తీస్తే దాని లోపలి వైపు తుప్పు, బేరింగులు గుంటలు పడి ఉంటాయి. దానికి మా రిపోర్టులో కారణం "బేరింగ్ ఫెయిల్యూర్". మనిషి ఎందుకు పోయాడయ్యా అంటే ప్రాణం పోయింది అన్నట్టు.

ఇంతకీ నీకు చేయాల్సింది ఏముంది చెప్పు. చుట్టూ దుమ్ము తుడిచి విప్పడం, ఆ బొక్కకి శుభ్రమైన గుడ్డ కప్పడం, నిన్ను కిరసనాయిల్లో నానబెట్టి లోపలి వైపు నుంచి బయటికి గాలి కొట్టడం, మళ్లీ బిగించడం. దుమ్ము ఎక్కువున్న చోట నెలకోసారి చూస్తే చాలు. దీనికి షట్‌డౌన్ మీటింగ్ అక్కర్లేదు, టీ కోసం బండి ఆగినప్పుడు అయిపోద్ది. కానీ చెక్‌లిస్టులో "బ్రీదర్ క్లీనింగ్" అని గడి ఉంది కదా, ఆ గడిలో ప్రతి నెలా టిక్ పడుతూనే ఉంది, ఏసీ రూమ్‌లో కూర్చునే.

కాబట్టి బాబాయ్, నా విన్నపం ఒకటే. నువ్వు కూడా అరవడం నేర్చుకో. లేదంటే కనీసం ఒక ఎర్ర బల్బన్నా పెట్టించుకో, మాకు బల్బు వెలిగితేనే భక్తి.

ఇట్లు,
నీ కిందే డబ్బాలు మార్చే మెయింటెనెన్సోడు

తా.క.: మీ వంశంలో కొత్తగా సిలికా జెల్ బ్రీదర్ ఒకాయన వచ్చాడు, తేమ పడితే నీలం గింజలు గులాబీ రంగుకి మారాలంట. వానాకాలం మొత్తం గడిచినా నీలంగానే ఉన్నాడని రివ్యూలో సార్ చప్పట్లు కొట్టించారు. అడుగున గాలి దారులకున్న ప్లాస్టిక్ మూతలు ఇంకా ఎవరూ తీయలేదు. ఆ గేర్‌బాక్స్ సీల్ కూడా కారుతోంది, ఇండెంట్ పెట్టేశారు.