ఇడ్లీ కౌంటర్ పక్కన ఒక బల్ల

మొన్న ఇక్కడ అమెరికాలో, మా తెలుగు సంఘం ఉగాది వేడుకలో పంతులుగారు మా రాశికి అవమానం 7 అని చదివారు. అందులో ఒకటి గంట తిరక్కుండానే ఖర్చయిపోయింది.

కూచిపూడి ఐటమ్ అయ్యాక మా అమ్మాయి మైకు అడిగి తీసుకుంది. 21 నిండితే పిల్లలు అమ్మానాన్నల గ్రీన్‌కార్డు లైన్లోంచి జారిపోతారని, కాంగ్రెస్ సభ్యులకు పంపే ఉత్తరం మీద సంతకాలు పెట్టమని వచ్చీరాని తెలుగులో చెప్పబోయింది. నాలుగేళ్లప్పుడు ఇక్కడికి వచ్చిన పిల్ల, ఇప్పుడు 19. కమిటీ పెద్దాయన ఒకరు నవ్వుతూ మైకు అందుకుని, "టెన్షన్ పడకమ్మా, ప్రాప్తం ఉంటే అదే వస్తుంది" అని తర్వాతి పాటను పిలిచేశారు. హాలంతా చప్పట్లు. నేనూ కొట్టాను. అదే ఎక్కువ గుచ్చుకుంది.

కారులో అడిగింది, "నాన్నా, ప్రాప్తం అంటే ఏంటి?"

లక్ అని చెప్పి తప్పించుకోవచ్చు. కానీ ఆ మాట నేను మా నాయనమ్మ దగ్గర నేర్చుకున్నాను. మాది నాగాయలంక దగ్గర ఊరు. 1977 నవంబరు 19 ఉప్పెనలో ఆవిడకు ఇల్లు పోయింది, గొడ్లు పోయాయి, ఒక కొడుకు పోయాడు. "మా ప్రాప్తం అంతేరా" అనేది. ఆ అన్న మనిషే ఉప్పుపట్టిన చేలో మళ్లీ నాట్లు వేయించింది. ఊళ్లో తుఫాను షెల్టరు కడుతుంటే కూలీలకు మజ్జిగ మోసింది. పోయినవాడి గురించి ఆ మాట ఎన్నిసార్లు అన్నదో లెక్కలేదు. ఉన్నవాళ్ల గురించి అనగా నేను వినలేదు.

అంతెందుకు, చిలుకూరు బాలాజీ కూడా కూర్చోబెట్టి వీసా ఇవ్వడు. ముందు 11 చుట్లు తిరగాలి, పని అయ్యాక 108.

పెద్దాయనను పూర్తిగా తప్పుపట్టలేను. ఉద్యోగ గ్రీన్‌కార్డులకు దేశాలవారీ పరిమితి ఎత్తేసే బిల్లు 2019లో ప్రతినిధుల సభలో 365 ఓట్లతో నెగ్గింది. మరుసటి ఏడాది సెనేట్ తన రూపంలో తాను ఆమోదించింది. రెండూ ఒకటి కాకుండానే గడువు ముగిసి మురిగిపోయింది. ఆ రెండేళ్లూ నేను ఫోన్లోనే బతికాను, పక్కన పిల్ల ఏం చదువుతోందో కూడా చూసుకోలేదు. ఏడాదికి 1,40,000 కార్డులు, ఒక్కో దేశానికి మామూలుగా 7 శాతం అన్న లెక్క 1990 నాటి చట్టంలోది. ఆ లైన్లో నా చోటు చెప్పే 2015 డేటు నేను తిట్టుకుంటే కదలదు. ఏ డేటు వరకు వంతు వచ్చిందో చెప్పే వీసా బులెటిన్ నెలనెలా చూడటం మానేశాకే నిద్ర పడుతోంది. నిజమే.

మరి మా ఆవిడ సంగతి? ఎం.టెక్ చదివి అయిదేళ్లు ఇంట్లో కూర్చుంది. 2015 మేలో, నాలాంటి హెచ్-1బి ఉద్యోగుల వెంట హెచ్-4 వీసా మీద వచ్చిన భార్యల్లో కొందరికి పని అనుమతి ఇచ్చే నిబంధన అమల్లోకి వచ్చాకే మళ్లీ ఉద్యోగానికి దారి దొరికింది. ఆ నిబంధన ప్రతిపాదనలో ఉన్నప్పుడు ప్రభుత్వానికి వేలల్లో అభిప్రాయాలు వెళ్లాయి. మనకు ముక్కూమొహం తెలియని ఆడవాళ్లు పిల్లల్ని పడుకోబెట్టి రాసినవీ వాటిలో ఉండే ఉంటాయి. మా ఆవిడ రాయలేదు. నేను రాయమనలేదు.

పౌరసత్వం వచ్చిన పెద్దలకు ఒక్క మాట. మీకు ఓటుంది, మాకు లేదు. మేం పది ఉత్తరాలు రాసినా మీ ఒక్క ఫోన్‌కు ఉన్న బరువు రాదు. మన సంఘం ఎన్నికలప్పుడు ప్యానెళ్లు కట్టి, ఇల్లిల్లూ తిరిగి సభ్యత్వాలు చేయిస్తారే! అధ్యక్ష పదవిని ప్రాప్తానికి వదిలేసినవాళ్లను నేనింతవరకు చూడలేదు.

మైకు అడగటం లేదు. దీపావళి వేడుకలో ఇడ్లీ కౌంటర్ పక్కన ఒక మడత బల్ల వేసుకోనివ్వండి, చట్నీ కోసం నిలబడ్డప్పుడు ఒక సంతకం పెట్టండి. బల్ల దగ్గర అమ్మాయే కూర్చుంటానంటోంది. ఆ వారంలోనే దానికి 20 నిండుతాయి.