వెండితెర వారి సముఖమునకు

మహారాజశ్రీ వెండితెర గారికి, టికెట్టు కొని చీకట్లో కూర్చునే ప్రేక్షకుడు నమస్కరించి వ్రాయునది.

తమరి ఒంటి మీద వెండి పూత పోయి చాలా కాలమైందనీ, వెనకనున్న స్పీకర్ల శబ్దం ఇవతలికి రావడానికి ఒళ్ళంతా సన్నని చిల్లులు పొడిచి ఉంటాయనీ దగ్గరికి వచ్చి చూసినవారికి తెలుసు. ఇంట్లో ఎవరు పిలిచినా పలకని పెద్దమనుషులు ఆ చిల్లుల గుడ్డ ముందు రెండేసి గంటలు కిమ్మనకుండా కూర్చుంటున్నారంటే తమరి పలుకుబడి సామాన్యమైనది కాదు.

అయినా నాకొక ఫిర్యాదు ఉంది. ఫిలిం రోజుల్లో తమరు సెకనుకు 24 బొమ్మలు చూపేవారు. బొమ్మ మారేటప్పుడు కదలిక కనబడకుండా ప్రొజెక్టరులో ఒక రెక్క వెలుతురుకు అడ్డుపడేది. మిణుకు తెలియకూడదని ఒక్కో బొమ్మ మధ్యలోనూ మరోసారి అడ్డుపడేది. అంటే ఆట నడిచినంతసేపట్లో దాదాపు సగం కాలం తమరి మీద చీకటి తప్ప మరేమీ లేదు. పూర్తి టికెట్టు పుచ్చుకొని సగంసేపు చీకటి అమ్మిన వ్యాపారి మరొకరు ఉంటారా? ఆ సగాన్నీ మా మెదళ్ళే కూలి అడగకుండా పూడ్చుకున్నాయి.

నటన సంగతీ ఇంతే. సుమారు వందేళ్ళ కిందట రష్యాలో లెవ్ కులెషోవ్ అనే దర్శకుడు ఏ భావమూ లేని ఒక నటుడి ముఖాన్ని ఒకసారి సూపు గిన్నె పక్కన, మరోసారి శవపేటిక పక్కన అతికించి చూపించగా, దీర్ఘాలోచననూ దుఃఖాన్నీ ఎంత గొప్పగా పలికించాడని చూసినవారు మెచ్చుకున్నారని ఆయనతో పనిచేసిన పుదోవ్కిన్ రాశాడు. ముఖం మాత్రం రెండుసార్లూ ఒక్కటే. ఇక గుర్రపు డెక్కల చప్పుడు కొబ్బరి చిప్పలతో పుట్టించినదని తెలిసినా, ఆ గుర్రం జారితే మా గుండె జారుతూనే ఉంది.

నాట్యశాస్త్రంలో భరతుడు చెప్పిన ఎనిమిది రసాల్లో కరుణ, రౌద్రం, భయానకం, బీభత్సం ఉన్నాయి. బతుకులో ఎదురైతే దండం పెట్టి పక్కకు తప్పుకునే వీటిని తమరి దగ్గర మాత్రం వరుసలో నిలబడి కొనుక్కుంటాం. రంగస్థలం మీది భావం నాదీ కాదు, పరాయివాడిదీ కాదు, అందుకే ఆస్వాదించగలమని ఆ శాస్త్రానికి వ్యాఖ్య రాసిన అభినవగుప్తుడు చెప్పిన కారణాన్ని కాదనే సాహసం నాకు లేదు. నా చిన్న బుద్ధికి తోచినది మాత్రం ఇంకొంచెం చవకబారుది. తెర మీద పులి దూకితే పారిపోనక్కరలేదు, అనాథ ఏడిస్తే ఇంటికి తీసుకువెళ్ళనక్కరలేదు. ఏడుపు పూర్తిగా మాది, పూచీ ఎవరిదీ కాదు. ఇంత సుఖమైన దుఃఖం ఇంకెక్కడ దొరుకుతుంది? ఇంట్లో చావు కబురు విన్నప్పుడు కూడా గంభీరంగా తల పంకించే మనిషి, నా పక్క కుర్చీలో కళ్ళజోడు తుడుచుకునే నెపంతో జేబురుమాలు పూర్తిగా తడిపేయడం నేను చూశాను.

కాబట్టి అబద్ధాలు మానమని తమరిని అడగను. మానితే నష్టపోయేది మేమే. నా మనవి ఒక్కటే. కథ ముగిసీ ముగియగానే లైట్లు వేసేయకుండా, పేర్లు పైకి జరుగుతున్నంతసేపైనా చీకటిని ఉంచండి. ముఖాలు సర్దుకోవడానికి మాకు ఆమాత్రం వ్యవధి కావాలి.

ఇట్లు,
సగం పని తానే చేసి, పూర్తి డబ్బు చెల్లించిన
తమ విధేయ ప్రేక్షకుడు