పై పాచి, కింద పాచి

(మా ఫ్లాట్‌కీ వాళ్ళ ఫ్లాట్‌కీ మధ్య గోడ పేరుకే. విశాఖలో ఉంటున్నా నాకు సముద్రం హోరు కంటే సన్యాసిరావు గారి కేకే బాగా వినిపిస్తుంది.)

సన్యాసిరావు: వరం! అక్వేరియం కింద తొట్టిలో నా పాచేదీ?

వరలక్ష్మి: తీసేశాను. పాచి తీయాలి, తీయాలి అని నెల్లాళ్ళుగా నా ప్రాణం తోడేస్తున్నారుగా.

సన్యాసిరావు: నేనన్నది పైన రాళ్ళ మీద జుట్టులా పెరిగిందే, అది! పగడాల్ని కప్పేస్తోంది. కిందది కీటోమార్ఫా, నీళ్ళు శుభ్రం చేసే సముద్రపు పాచి. డబ్బిచ్చి కొన్నానే!

వరలక్ష్మి: పాచిని. డబ్బిచ్చి. ...దుమ్ము కూడా కొంటారా? సోఫా కింద మేలురకం ఉంది.

సన్యాసిరావు: అది కాదే. చేపలు తిని వదిలిందంతా కుళ్ళితే నైట్రేటు, ఫాస్ఫేటు చేరతాయి. పైనా కిందా తిరిగేవి ఒకే నీళ్ళు కాబట్టి, కింద పాచి వాటిని లాగేసుకుంటే పైదానికి మేత దొరకదు. ఒత్తుగా పెరిగాక సగం తీసి పారేస్తే, దాంతోపాటు ఆ సరుకూ బయటికి పోతుంది.

వరలక్ష్మి: అంటే ఎలాగూ పారేసేదే.

సన్యాసిరావు: సగం!

వరలక్ష్మి: సగంలో వదిలేసే పనులు మీవి. నావి కావు.

సన్యాసిరావు: అసలు పై పాచి ఎవరి పుణ్యం? నేను పడుకున్నాక ఫ్రీజర్లోని చిట్టిరొయ్యలు కరిగించి, ఆ నీళ్ళతో సహా గుమ్మరిస్తున్నదెవరు?

వరలక్ష్మి: ఆ నారింజ చేప అద్దం దగ్గరకొచ్చి నోరు తెరుస్తుంది. ఏడయ్యేసరికి మీరూ వంటింటి గుమ్మంలో అదే పని. మీకు పెట్టి దానికి పెట్టొద్దా?

సన్యాసిరావు: పైగా ఇగిరిపోయిన నీళ్ళకి ఆర్వో నీళ్ళు పొయ్యమంటే కుళాయి నీళ్ళు పోస్తావు!

వరలక్ష్మి: ఎదురుగా బంగాళాఖాతం పెట్టుకుని, లీటరుకి 35 గ్రాముల ఉప్పు తూచి హాల్లో సముద్రం కలుపుకునే మనిషి నాకు నీళ్ళ సంగతి చెప్తున్నారు.

సన్యాసిరావు: ఒడ్డున ఊరి మురుగు కలుస్తుందే!

వరలక్ష్మి: సరే, ఆ టర్బో నత్తలు పాచి మేస్తాయనేగా తెచ్చారు? వాటిని కింద తొట్టిలో వదల్లేదేం?

సన్యాసిరావు: అక్కడిది తినేస్తాయనీ!

వరలక్ష్మి: నత్త మేస్తే సేవ. నేను తీస్తే నేరం.

(ఆ ఇంట్లో ఆయన గెలవగా నేను వినలేదు.)

సన్యాసిరావు: (నీరసంగా) ఇప్పుడు మళ్ళీ ఎక్కణ్ణుంచి తేను...

వరలక్ష్మి: అంత మొహం పెట్టకండి. చేతిలోకి తీస్తే అందులో చీమంత పురుగులేవో గిలగిల్లాడాయి. పాపం అనిపించి గుప్పెడు ఉంచాను. మీ తొట్టి నీళ్ళలోనే.

సన్యాసిరావు: వరం! దానికి వెలుతురు కావాలే!

వరలక్ష్మి: తెలుసు. రాత్రంతా లైటు వేసి ఉంచేది దానికేగా. గాజు గిన్నెలో వేసి కిటికీలో పెట్టాను. ముందు మీ మజ్జిగ గ్లాసులో వేశాను గానీ పట్టలేదు.

సన్యాసిరావు: ...ఇందాక మజ్జిగ ఉప్పుకషాయంలా ఉందన్నానే?

వరలక్ష్మి: అన్నారు. రెండో గ్లాసూ అడిగారు.