మిస్ అయినా పర్లేదు, మూడుకే వెయ్యండి

అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ పెద్దలకి నాదొక చిన్న విన్నపం. కోర్టులో గీసిన ఆ గీత బయట్నుంచి వేస్తే మూడు పాయింట్లు, లోపల్నుంచి వేస్తే రెండే. ఆ రెండు పాయింట్ల షాట్ ఇంకా ఎందుకండీ, తీసి పారెయ్యండి. ఎగిరి బంతిని రింగులోకి కుక్కే డంక్ ఒక్కటి ఉంచుకోండి, పోస్టర్లకి పనికొస్తుంది. గీత లోపల పదిహేను అడుగుల దగ్గర ఆగి, తీరిగ్గా జంప్ షాట్ కొట్టేవాడికి మాత్రం జరిమానా వెయ్యాల్సిందే.

లెక్క అలా ఉంది మరి, నేనేం చేసేది. మిడ్‌రేంజ్ నుంచి, అంటే గీత లోపలి ఆ మధ్య దూరం నుంచి, వంద వేస్తే 42 పడ్డాయనుకోండి, 84 పాయింట్లు. గీత బయట్నుంచి వంద వేసి 36 పడినా 108. ఇంత చిన్న గుణకారం అర్థం కావడానికి లీగ్ కి ముప్పై ఏళ్ళ పైనే పట్టింది. 1979లో గీత గీసిన మొదటి సీజన్ లో ఒక్కో టీమ్ మ్యాచ్ కి సగటున మూడు త్రీలు (మూడు పాయింట్ల షాట్లు) కూడా వేసేది కాదు, పాపం అమాయకులు. 2024-25కి వచ్చేసరికి సగటు 37 దాటింది, బాస్టన్ సెల్టిక్స్ అయితే ఏకంగా 48.

దీంతో కొత్త ఉద్యోగాలు కూడా పుట్టాయి, అది ఎవరూ మెచ్చుకోరు. కార్నర్ లో గీత బాస్కెట్ కి 22 అడుగుల దూరమే, మిగతా చోట 23 అడుగుల 9 అంగుళాలు, అందుకని ప్రతి టీమూ ఒక మనిషిని ఆ మూల నిలబెట్టేస్తుంది, ఆయన పని మోకాళ్ళు కాస్త వంచి, చేతులు ముందుకి చాచి, బంతి వస్తుందేమో అని చూస్తూ ఉండటం, చాలాసార్లు రాదు, అయినా జీతం కోట్లలో. ఏడడుగుల బ్రూక్ లోపెజ్ నే చూడండి, మొదటి ఎనిమిది సీజన్లూ బాస్కెట్ కిందే కుస్తీ పడి మొత్తం మూడంటే మూడు త్రీలు కొట్టాడు, తర్వాతి సీజన్ లో 134. అంత పొడుగు మనిషిని బాస్కెట్ కి దూరంగా నిలబెట్టడమే స్ట్రాటజీ అంటే.

ఇదంతా గోల్డెన్ స్టేట్ టీమ్ ఆటగాడు స్టెఫెన్ కర్రీ వల్లే అంటారు. 2015-16లో ఒక్క సీజన్ లో 402 త్రీలు కొట్టాడు కాబట్టి నిజమే. అయితే మిగతావాళ్ళు ఆయన దగ్గర నేర్చుకున్నది వెయ్యడం వరకే, పడెయ్యడం ఆయనే ఉంచుకున్నాడు.

పడకపోతే ఏంటంటారా? కొండకి వెంట్రుక కట్టి లాగడమే కదా, వస్తే కొండ, పోతే వెంట్రుక. కాకపోతే బట్టతల వచ్చే ప్రమాదం ఉందని 2018లో హ్యూస్టన్ రాకెట్స్ టీమ్ కి తెలిసింది. గోల్డెన్ స్టేట్ తో వెస్ట్రన్ ఫైనల్ (లీగ్ లో పడమటి సగం ఫైనల్), ఆఖరిదైన ఏడో మ్యాచ్, సొంతూళ్ళో, హాఫ్‌టైమ్ కి 11 పాయింట్ల లీడ్, గెలిస్తే ఫైనల్స్. అక్కడ వరసగా 27 త్రీలు మిస్. ఇరవై ఏడు! పదో మిస్ తర్వాతో పదిహేనో మిస్ తర్వాతో ఎవడో ఒకడు లోపలికెళ్ళి బాస్కెట్ దగ్గర్నుంచే లేఅప్ వేద్దాం అనుకుంటాడు కదా మామూలుగా, వీళ్ళు మాత్రం సిద్ధాంతానికి కట్టుబడ్డారు. వాళ్ళ ముఖ్య ఆటగాడు క్రిస్ పాల్ గాయంతో బెంచ్ మీదున్నాడు అంటారు, అది సాకు. మొత్తం 44లో 7 పడ్డాయి, గోల్డెన్ స్టేట్ ఫైనల్స్ కి వెళ్ళింది.

సెల్టిక్స్ ఇంకా గొప్పోళ్ళు. 2024 అక్టోబర్ లో సీజన్ మొదటి రాత్రే న్యూయార్క్ టీమ్ నిక్స్ మీద 29 త్రీలు కొట్టి లీగ్ రికార్డు సమం చేశారు, ముప్పయ్యోది ఒక్కటి పడితే చరిత్ర, దానికోసం 13 వేశారు, పదమూడూ పోయాయి. మ్యాచ్ మాత్రం హాయిగా గెలిచేశారు కాబట్టి అందరూ నవ్వుకున్నారు. మళ్ళీ మేలో ప్లేఆఫ్స్ (కప్పు కోసం ఆడే నాకౌట్ సిరీస్‌లు), అదే నిక్స్, అదే గ్రౌండ్, 20 పాయింట్ల లీడ్, ఈసారి 60 వేసి 45 మిస్ చేసి ఓవర్‌టైమ్ లో ఓడారు. రెండో మ్యాచ్ లో మళ్ళీ 20 లీడ్, మళ్ళీ 40కి 10, మళ్ళీ ఓటమి. ముందు ఏడాది ఇదే పద్ధతితో కప్పు కొట్టారు కదా, ఎలా మానేస్తారు? పైగా ఎవర్నీ తప్పు పట్టడానికి లేదు, షాట్లు మంచివే, పడలేదంతే. ఓడినా లెక్క మనదే రైట్ అనుకునే ఈ మనశ్శాంతి ఏ ఆటలో దొరుకుతుంది చెప్పండి.

ఇంత జరిగాక ఆ ఏడాది కప్పు ఎవరికి పోయింది, ఓక్లహోమా సిటీకి. ఎంవీపీ (సీజన్ ఉత్తమ ఆటగాడు), ఫైనల్స్ ఎంవీపీ రెండూ ఆ టీమ్ ఆటగాడు షై గిల్జస్ అలెగ్జాండర్ కి. ఆయనేమో డిఫెండర్ ని అటూ ఇటూ ఊపి, గీత లోపల టక్కున ఆగి, ఆ పదిహేను అడుగుల షాటే వేస్తాడు, అదీ సిగ్గు లేకుండా వరసపెట్టి. ఇలాంటివాళ్ళకి ట్రోఫీలిస్తే రేపు పిల్లలు బాస్కెట్ దగ్గరికెళ్ళి ఆడతామంటారు, అప్పుడు ఆ కార్నర్ లో నిలబడ్డాయన పరిస్థితేంటి?