రెండో చరణం దాకా వింటున్నామా?

కొత్త పాట విడుదలైన గంటలోపే తీర్పు వచ్చేస్తుంది. "చార్ట్‌బస్టర్" అని ఒకరు, "పాత ట్యూనే మళ్లీ దించాడు" అని ఇంకొకరు. వారం తిరక్కుండా హుక్ లైన్ (ఇట్టే నోటికెక్కే ముక్క) రీల్స్‌కెక్కి, ఇంట్లో పిల్లల నోట కూడా నానుతుంది. ఇంతా చేసి ఆ పాట రెండో చరణం ఎలా మొదలవుతుందని అడిగితే తడుముకోనివాళ్లు అరుదు. పాట వైరల్ కావడం వేరు, పాటతో పరిచయం కలగడం వేరు. ఒక్క పాటకే ఇలా ఉంటే, ఆరు పాటల ఆల్బమ్‌తో పరిచయం మాట చెప్పనే అక్కర్లేదు.

తప్పంతా యాప్‌ల మీదకు నెట్టేయడం తేలిక. కారణాలు లేకపోలేదు. స్పాటిఫైలో 30 సెకన్లు వింటే ఒక స్ట్రీమ్ కింద లెక్క. ఆ తర్వాత విన్నా మానినా లెక్క మారదు. విడుదల పద్ధతీ మారిపోయింది. ‘అల వైకుంఠపురములో’ 2020 జనవరిలో థియేటర్లకొస్తే, అందులోని పాట ‘సామజవరగమన’ 2019 సెప్టెంబరులోనే జనంలోకి వచ్చేసింది. ఒక్కో పాటనూ అలా విడివిడిగా వదలడం ఇప్పుడు పెద్ద సినిమాలన్నిటికీ రివాజు. వ్యాపారపరంగా తెలివైన పనే, ప్రతి పాటకూ దాని పండగ దానికి దక్కుతుంది. కానీ పాటలన్నీ ఒకేచోట ఉండే జ్యూక్‌బాక్స్ వచ్చేనాటికి సగం పాటలు పాతబడి ఉంటాయి. మిగిలిన సగం ‘సినిమాలో చూద్దాంలే’ అన్న ఖాతాలో పడతాయి.

అలాగని క్యాసెట్ల రోజుల్ని ఆకాశానికెత్తడం నాకు ఇష్టం లేదు. అప్పుడూ మనం ఆల్బమ్‌లను ముక్కలు చేసినవాళ్లమే. నచ్చిన పాటల జాబితా కాగితం మీద రాసి రికార్డింగ్ షాపులో ఇస్తే, ఖాళీ క్యాసెట్‌లో ఎక్కించి ఇచ్చేవాడు. ఇవాళ్టి ప్లేలిస్టుకు అదే తాత. ఒరిజినల్ క్యాసెట్ కొన్నవాళ్లు పాటలన్నీ వరసగా విన్నారంటే అదేమీ రసికత కాదు. ఫార్వర్డ్ నొక్కితే టేపు ఎక్కడ ఆగుతుందో తెలియని తలనొప్పి ఒకటుండేది కదా! దానివల్ల పెద్దగా పేరు రాని పాటలు కూడా చెవిన పడి, పడి, చివరికి మనవయ్యేవి. రేడియోది ఇంకో రకం మేలు. వివిధ భారతిలో పాటకు ముందు చిత్రం, రచన, సంగీతం, గానం అన్నీ చెప్పేవారు. కోరుకున్నా లేకున్నా రచయిత పేరు చెవిలో పడేది. ఇప్పుడు అదే పేరు కోసం యాప్‌లో మూడు చుక్కలు నొక్కి వెతుక్కోవాలి.

ఆల్బమ్‌ను మొదటి పాట నుంచి చివరి పాట దాకా అదే వరసలో వినాలన్న సలహా తరచూ వినిపిస్తుంది. పాశ్చాత్య సంగీతంలో దానికి అర్థముంది. 2021 నవంబరులో బ్రిటిష్ గాయని అడెల్ తన ‘30’ ఆల్బమ్‌ను విడుదల చేసినప్పుడు, ఆమె కోరిక మేరకే స్పాటిఫై ప్రీమియం చందాదారులకు ఆల్బమ్ పేజీల్లో ముందుండే, పాటల వరసను కలిపేసే షఫుల్ బటన్‌ను తీసేసింది. ఆ ఆల్బమ్‌లలో పాటల క్రమం కూడా రచనలో భాగమే. మన సినిమా ఆల్బమ్‌కు ఆ సలహా అతకదు. ఇక్కడ పాటల్ని కలిపే దారం వరస కాదు, సందర్భం. ఎవరు, ఎవరితో, కథలో ఏ మలుపు దగ్గర పాడుతున్నారన్నది తెలియాలి. దర్శకుడు సందర్భం చెబితేనే కదా ట్యూనూ మాటా పుట్టేది! కాబట్టి సినిమా ఆల్బమ్‌తో పరిచయమంటే ఆ సందర్భాన్ని చెవులతోనే ఊహించడం. పాటల్ని ఏ క్రమంలో విన్నా ఫరవాలేదు. సినిమా బొమ్మలతో వచ్చే లిరికల్ వీడియో ముందే చూశామా, ఊహకు ఇక పనుండదు. తెర మీద సాహిత్యం వేస్తున్నందుకు ఆ వీడియోలను మెచ్చుకోవాలి, నిజమే. కానీ వాటిని రెండో విడతకు దాచుకోవడం మేలు.

రెండో చరణం గురించి ఎందుకింత పట్టుదల అంటే, 1989 నాటి ‘గీతాంజలి’ సినిమా చూడండి. ఇళయరాజా సంగీతం, అన్నీ వేటూరి రాసిన పాటలే. ‘ఆమనీ పాడవే’ పైపైన వింటే వసంతగీతం. మరణం దగ్గరపడుతోందని తెలిసిన యువకుడి పాట అది. మొదటి చరణం ‘గతించిపోవు గాథ నేనని’ అంటూ ముగుస్తుంది. రెండో చరణంలో మరో ప్రపంచం మరింత చేరువవుతుంది. అయినా ముగింపు ‘గతించిపోని గాథ నేనని’. ట్యూన్ అదే, గొంతు బాలుదే, మారింది ఒక్క అక్షరం. చావు దగ్గరయ్యేకొద్దీ మనిషి ధైర్యం పెరిగింది. సగంలో ఆపినవాళ్లకు దక్కేది ఓడిపోయినవాడి పాట మాత్రమే. అసలు పాట అక్కడి నుంచే మొదలవుతుంది. చరణాలకు ఒకే బాణీ ఉండే మన పాటల్లో కొత్తదనం మోసేది మాటలే కాబట్టి, మంచి రచయిత చాలాసార్లు అసలు సంగతి అక్కడే దాస్తాడు.

ఇక్కడ ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది. ఏ పాటనైనా పదేపదే వింటే నచ్చేస్తుంది కదా, మరి ఈ ఓపిక మనల్ని మనం మోసగించుకోవడం కాదా? 1968లో మనస్తత్వవేత్త రాబర్ట్ జాయెన్స్ (Zajonc) చూపించింది ఇదే. అర్థంలేని పదాలైనా, తెలియని ముఖాల ఫొటోలైనా, ఎక్కువసార్లు ఎదురైనవాటి మీద మనకు మక్కువ పెరుగుతుంది. రీల్స్ బలమంతా అదే. రెహమాన్ పాటల్ని మనవాళ్లు ‘స్లో పాయిజన్’ అంటారు, అంటే వినగా వినగా ఎక్కుతాయని. అందులో ఎంత భాగం పాట గొప్పతనమో, ఎంత భాగం అలవాటో విడదీయడం కష్టమే.

అందుకే నేను విరామాన్ని నమ్ముతాను. ఆల్బమ్ మొత్తం ఒకసారి తెర చూడకుండా వింటాను, ఫోన్ జేబులోనే ఉంటుంది. ఇంకో రోజు సాహిత్యం ముందు పెట్టుకుని వింటాను, అదీ తక్కువ వ్యూస్ ఉన్న పాట నుంచి మొదలుపెట్టి. ఆ తర్వాత కొన్నాళ్లు ముట్టుకోను. మళ్లీ విన్నప్పుడు ఇంతకుముందు వినిపించనిది ఏదైనా వినిపించాలి. చరణానికి ముందొచ్చే ఫ్లూట్ ముక్క కావచ్చు, ఇంకో పాటలోంచి తొంగిచూసే స్వరాల వరస కావచ్చు, గాయని ఊపిరి తీసుకున్న చోటు కావచ్చు. అలాంటిది దొరికితే ఆ పాటలో సరుకుంది. హుక్ లైన్ తప్ప మరేదీ గుర్తుకు రాకపోతే అది ఉత్త అలవాటు. సినిమా చూడటం వీలైతే ఈ విరామం తర్వాతే. తెర మీద బొమ్మ ఒకసారి పడ్డాక పాటను దాన్నుంచి విడదీసి వినడం దాదాపు అసాధ్యం. బొమ్మ బాగుంటే చెత్త పాట కూడా మంచిదనిపిస్తుంది, బాలేకపోతే మంచి పాట కొట్టుకుపోతుంది.

ప్రతి శుక్రవారం వచ్చే ప్రతి ఆల్బమ్‌కూ ఇంత మర్యాద చేయలేం, చేస్తే అది ఉద్యోగమైపోతుంది. ఏడాదికి నాలుగైదుకు దక్కినా ఎక్కువే. ఇక డ్యాన్సు కోసమే పుట్టిన మాస్ పాటలంటారా, వాటిలో చాలావాటికి ఇప్పుడు రెండో చరణమే రాయించడం లేదు. వాటిని పెళ్లి బరాత్‌లో ఒకసారి వింటే సరిపోతుంది.