మహారాజశ్రీ రీజియన్ కోడ్ గారి సముఖమునకు

అయ్యా,

సి రీజియన్‌లో పుట్టి, సి రీజియన్‌లో పెరిగి, సి రీజియన్‌లోనే కరెంటు బిల్లు కడుతున్న ఒక సామాన్యుడు నమస్కరించి రాసుకునే విన్నపం.

మొన్న ఆదివారం మధ్యాహ్నం తమ దర్శనభాగ్యం కలిగింది. ఏ ప్రాంతపు డిస్కు ఏ ప్రాంతపు ప్లేయర్లో ఆడాలో తేల్చే తాళం తమరని వినడమే గానీ, ఇలా మా హాల్లో, పల్లీల గిన్నె పక్కన పెట్టుకుని కూర్చున్న వేళ, టీవీ తెర నిండా ఎదురుపడతారని అనుకోలేదు. సోమవారం పొద్దున్నకల్లా డీమన్ స్లేయర్ అనే యానిమే (జపాన్ వాళ్ళ బొమ్మల సీరియలు, రాక్షసుల్ని వేటాడే కుర్రాడి కథ) మొదటి సీజను బ్లూరే డిస్కుల మీద రివ్యూ ఇస్తానని ఒక పత్రికకు మాటిచ్చి ఉన్నాను. పెట్టెలు డాలస్ నుంచి మా బావమరిది తెచ్చాడు. వెళ్ళేటప్పుడు ఆవకాయ పట్టుకెళ్ళిన సూట్‌కేసులోనే తెచ్చాడు కాబట్టి అట్టపెట్టెకి ఒక మూల ఇంగువ వాసన. నాకు దానిమీద అభ్యంతరం లేదు. డిస్కు మీద వేలిముద్ర పడకుండా అంచులు పట్టుకుని ట్రేలో పెట్టాను. ట్రే లోపలికెళ్ళింది. గిర్రున తిరిగిన చప్పుడయింది. తెర వెలిగింది. ఈ డిస్కు మీ ప్రాంతంలో ఆడదు అని తమరు సెలవిచ్చారు.

తమరి పనితనంలో నాకు తెగ నచ్చిన సంగతి ఒకటుంది, ముందు దానికి దండం పెట్టుకుంటాను. డిస్కులో గీత పడలేదు. ప్లేయరు పాడవలేదు. డిస్కులో కూర్చున్న చిన్న ప్రోగ్రాము మా ప్లేయర్ని "మీదే రీజియన్" అని అడిగింది. అబద్ధం చెప్పడం చేతకాని మా ప్లేయరు "సి" అంది. వెంటనే తెరమీదకి ఆ నోటీసు వచ్చింది. ఎక్కడినుంచి వచ్చింది? ఆ డిస్కులోంచే! అంటే డిస్కుని మా ప్లేయరు శుభ్రంగా చదవగలదు. ఎవరో ఒక మనిషి జీతం తీసుకుని, ఆ నోటీసుకి అక్షరాలు ఎంచి, నడిమధ్యకి సరిపెట్టి, ఎపిసోడ్ల పక్కన దానికీ ఇంత చోటిచ్చి అచ్చు వేయించాడు. ఫుల్ హెచ్‌డీలో, ఎక్కడా మసక లేకుండా, బ్రహ్మాండంగా కనబడింది. అంత పెట్టెలో మా సి రీజియన్ వాళ్ళ కోసం ప్రత్యేకంగా తయారు చేసినది అదొక్కటే. రివ్యూలో దానికి ఐదుకి ఐదు ఇవ్వాలనిపించింది.

తర్వాత తమరి భూగోళ శాస్త్రం ముందేసుకుని కూర్చున్నాను. అమెరికా ఖండాలు రెండూ, జపాన్, కొరియా, ఆగ్నేయాసియా కలిపి ఏ. ఐరోపా, ఆఫ్రికా, మధ్యప్రాచ్యం, ఆస్ట్రేలియా కలిపి బి. మిగిలిన మాకూ, చైనాకూ, రష్యాకూ, చుట్టుపక్కల వాళ్ళకూ కలిపి సి. డీవీడీల కాలంలో మాది అయిదో నంబరు. అప్పుడూ రష్యాయే తోడు. చైనా మాత్రం ఆరో నంబరుతో వేరే కాపురం ఉండేది. ఆ రోజుల్లో కోఠిలో కొన్న డీవీడీ ప్లేయర్లు తమరి పేరెత్తితే నవ్వేవి, ఏ దేశపు డిస్కు పెట్టినా ఆడేవి. అది మనసులో పెట్టుకున్నట్టున్నారు.

ఇంతకీ తమరు ఎందుకు పుట్టారు? 1990లలో ఒకే సినిమా ఒక్కో దేశంలో ఒక్కో నెలలో విడుదలయ్యేది. ఒకచోట థియేటర్లో ఆడుతుండగానే ఇంకోచోటి నుంచి డిస్కు వచ్చిపడకూడదు. ఒకచోట చవగ్గా కొన్నది మరోచోట ఖరీదైన సరుకు కడుపు కొట్టకూడదు. సరే, వ్యాపారం. అర్థం చేసుకోగలను. మరి ఆ పనైనా చేశారా?

ఇక్కడే నాకు నిద్ర పట్టడం లేదు. జపాన్‌లో యానిమే డిస్కు అంటే రెండు మూడు ఎపిసోడ్లు, ధర ఆరేడు వేల యెన్‌లు. సీజను మొత్తం కొనేసరికి జీతం చేతికందకముందే చెల్లు. అదే సీజను అమెరికాలో రెండు పెట్టెల్లో, దానితో పోలిస్తే చాలా తక్కువకి వస్తుంది. ధరలో అసలు అంతరం ఉన్నది ఆ రెండు దేశాల మధ్య. కంచె కావలసింది అక్కడ. తమరేం చేశారు? ఆ రెండు దేశాల్నీ ఒకే గదిలో పడుకోబెట్టారు, రెండూ ఏ! టోక్యోలో కూర్చున్నవాడు అమెరికా పెట్టె తెప్పించుకుని తన ప్లేయర్లో పెడితే తమరు నోరెత్తరు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడన్నారు, తమరైతే వాడికి మంచం కూడా వేశారు.

చివరికి ఆ బెంగ డిస్కులు తయారుచేసే కంపెనీలకే పట్టుకుంది. అందుకే కొన్ని అమెరికా డిస్కుల్లో జపనీస్ మాటలు పెట్టుకుంటే ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ ఆపడానికి వీల్లేకుండా తాళం వేస్తారు. కింద ఆ అక్షరాలు కదులుతుంటే చిరాకుపడి జపాన్ వాళ్ళు కొనరని ఆశ. తమరు చేయాల్సిన ఉద్యోగం సబ్‌టైటిల్స్ చేస్తున్నాయి. తమరు మాత్రం ఆ యానిమే డిస్కు అమ్మే దుకాణమే లేని మా ఊరి పొలిమేరలో లాఠీ పట్టుకుని నిలబడ్డారు. నేను ఎవరి వ్యాపారం పాడుచేస్తానని? ఇక్కడ దీన్ని ఎవరూ అమ్మడం లేదు కదా స్వామీ! డాలస్‌లో మా బావమరిది కౌంటర్లో పూర్తి ధర పోసి, పన్నుతో సహా కట్టి కొన్నాడు.

ఒకేసారి విడుదల కాదనే సాకు కూడా చెల్లదు. ఇదే కథ మీద తీసిన ఇన్ఫినిటీ కాజిల్ సినిమా 2025 సెప్టెంబరు 12న అమెరికాలోనూ మన దగ్గరా ఒకే రోజు వచ్చింది. మన దగ్గర తెలుగులో కూడా. థియేటర్లో కథానాయకుడు తంజిరో తెలుగు మాట్లాడుతుంటే పక్క సీట్లో పిల్లలు ఈలలేశారు. థియేటర్లో లేని ఏ, బి, సి మా హాల్లోకి మాత్రం ఎందుకొచ్చాయి?

ఇక మర్యాద చాలు. అసలు నువ్వెవరివయ్యా? మీ ఇంట్లోనే చిన్నవాడు, ఆ 4కే బ్లూరే, 2016లో మార్కెట్లోకి వచ్చాడు. వాడికి రీజియనే లేదు. ప్రపంచం తలకిందులయిందా? స్టూడియోలు మూతబడ్డాయా? నీ అవసరం లేదని మీ వాళ్ళే తేల్చేశాక కూడా పాత కుర్చీ వదలకుండా మామూలు బ్లూరే గుమ్మంలో కూర్చుని వచ్చేపోయేవాళ్ళ ఊరూ పేరూ అడుగుతున్నావు. సిగ్గనిపించదూ? మా మేనల్లుడు "ల్యాప్‌టాప్‌లో మార్చుకో మావయ్యా" అని సలహా ఇచ్చాడు. కంప్యూటర్ డీవీడీ డ్రైవులో రీజియన్ ఐదుసార్లు మార్చుకోనిస్తావు, ఆ తర్వాత ఆఖరుగా పెట్టినదానికే చచ్చేదాకా కట్టుబడి ఉండాలి. ఓటరు కార్డులో చిరునామా కూడా అంతకంటే ఎక్కువసార్లు మార్చనిస్తారు.

"ఎందుకీ డిస్కుల గోల, ఓటీటీలో చూసి రాసెయ్" అన్నవాళ్ళూ ఉన్నారు. వాళ్ళకి ఒక ముక్క చెప్పి మళ్ళీ నీ దగ్గరికొస్తాను. అమెరికాలో డిస్కు పెట్టెలో చీటీ పెట్టి, కోడ్ కొట్టి డిజిటల్ కాపీ దాచుకోమన్నారు ఒకప్పుడు. 2024 ఏప్రిల్‌లో ఆ కాపీలు దాచిన ఫ్యూనిమేషన్ అనే యానిమే యాప్ మూసేశారు, దాచుకున్న కాపీలన్నీ దాంతోపాటే పోయాయి. డిస్కు నా బీరువాలోంచి అలా మాయమవదు. పైగా డీమన్ స్లేయర్ రాత్రిపూట జరిగే కథ. రాక్షసులకి ఎండ పడదు కదా, యుద్ధమంతా చీకట్లోనే. ఓటీటీలో ఆ చీకటి చూడాలి! నల్లటి ఆకాశం ముదురు నీలంలోకి తిరిగే చోట మెట్లు మెట్లుగా చారలు, అడవిలో పొగమంచు గళ్ళుగళ్ళుగా విరిగిపోవడం. బ్లూరే బొమ్మకి సెకనుకి 40 మెగాబిట్ల దాకా వెళ్ళే స్తోమత ఉంది. ఓటీటీ అందులో ఐదో వంతు విదిలిస్తే గొప్ప. చేతితో గీసినవాళ్ళ కష్టం కనబడాలంటే డిస్కే గతి.

మొత్తానికి చూశాను. ఎలాగంటావా? మా పైఅంతస్తు కుర్రాడు అట్లాంటా నుంచి తిరిగొచ్చేటప్పుడు తన పాత గేమ్ కన్సోల్ తెచ్చుకున్నాడు. అది అక్కడ కొన్నది కాబట్టి పుట్టుకతో ఏ. మా ఫ్లాట్ సి. వాళ్ళ ఫ్లాట్ ఏ. మధ్యలో పద్దెనిమిది మెట్లు, ఒక తులసి కుండీ. వీసా లేకుండా పెట్టె చంకన పెట్టుకుని అమెరికా ఎక్కాను. పోలీసు హెచ్చరిక ఇంగ్లీషులో ఒకసారి, ఫ్రెంచిలో ఒకసారి వచ్చింది. దొంగకాపీ చూసేవాడికి లేని ఈ ప్రవచనం డబ్బులు పెట్టి కొన్నవాడికే ఎందుకో! దాటిద్దామంటే రిమోట్ పనిచేయలేదు.

ముందు రెండో పెట్టే వేశాను, పందొమ్మిదో ఎపిసోడు అందులోనే ఉంది. 2019 ఆగస్టు 10న జపాన్‌లో ప్రసారమైన నాటినుంచి దాని గురించి వినని యానిమే అభిమాని లేడు. సాలెపురుగు రాక్షసుడు రూయి ఎర్రటి దారాల వల విసురుతాడు. తంజిరో కత్తి అప్పటికే విరిగింది. అంతవరకూ అతని ప్రతి వేటు వెంట నీరు పరుగెత్తేది, పాత జపనీస్ చెక్కముద్రల్లో అలలకుండే మందపాటి నల్లగీతతో. ఇప్పుడు వాళ్ళ నాన్న మంచులో తెల్లవార్లూ ఆడిన నృత్యం గుర్తొస్తుంది. ఒక అడుగు నీటితో మొదలై నిప్పుతో ముగుస్తుంది. నీలం అంచు నారింజలోకి తిరిగే ఆ క్షణం ఓటీటీలో ఎన్నోసార్లు చూశాను, అలికినట్టుండేది. డిస్కులో నీటి గీత గీతగానే ఉండి, దాని లోపలినుంచి మంట పుట్టుకొచ్చింది. సంగీతం గో షీనాది. నిప్పు అందుకున్నాక గానీ గొంతు పూర్తిగా విప్పదు. ఈ బొమ్మలు గీసిన యూఫోటేబుల్ స్టూడియో వాళ్ళకి చేతులెత్తి మొక్కాలి.

అంతా బంగారమేమీ కాదులే. తంజిరో కత్తి ఎత్తినా, దించినా, వాసన చూసినా, ఏం చేస్తున్నాడో మనకి మనసులోని మాటగా విడమరచి చెబుతాడు. కళ్ళున్నాయి నాయనా, కనబడుతోంది. తంజిరో జతగాడు జెనిట్సు కేకలకి పైఅంతస్తు వాళ్ళ కుక్క మంచం కిందికి దూరింది. చచ్చే ప్రతి రాక్షసుడికీ ఆఖరి నిమిషంలో చిన్ననాటి కష్టాలు గుర్తురావడం మొదటి రెండుసార్లు గుండె పిండింది. ఆ తర్వాత లెక్కగా వస్తోందనిపించింది. ఇవన్నీ రివ్యూలో రాసి పంపాను, రాత్రి పదకొండింటికి. సంపాదకుడికి నీ సంగతి చెబితే "పోనీలెండి, చూశారు కదా" అన్నాడు. అందుకే ఈ ఉత్తరం.

మొదటి పెట్టె ఇంకా మిగిలే ఉంది. పైఅంతస్తు వాళ్ళ బామ్మగారు పక్కన కూర్చుని ఆదివారం మొత్తం చూశారు. వచ్చేవారం టిఫిను కూడా అక్కడే అన్నారు. తంజిరో చెల్లెలు నెజుకో అంటే ఆవిడకి ప్రాణం లేచొస్తోంది. "ఆ పిల్ల నోట్లో వెదురుముక్క ఎప్పుడు తీస్తారు నాయనా? అన్నం ఎలా తింటుంది?" అని ఇప్పటికి నాలుగుసార్లు అడిగారు. వెనకటి కథ తెలియాలంటే మొదటినుంచి వేయమన్నారు. "మరి ఇన్నాళ్ళూ మీ ఇంట్లోనే వేసుకు చూడొచ్చుగా, మెట్లెక్కి రావడం ఎందుకూ?" అనీ అడిగారు. నాకు జవాబు చెప్పడం రాలేదు. ఆదివారం పదింటికి వస్తావా, నువ్వే చెబుదువుగానీ? రెండో అంతస్తు, తులసి కుండీ పక్క తలుపు.

ఇట్లు,
సి రీజియన్ నివాసి
(ఆదివారాలు మాత్రం ఏ)